మిరియం తిన్న జమ్మి ఆకు

“నన్ను ప్రాణాలతో ఇల్లు చేర్చు, మిరియం. ఇక నీ వీపు మీద జీను పడదు. ఇది నా మాట.”

ఈ మాట అన్నవాడు తామ్రకేతు మహారాజు. అనగనగా ఆయన పద్మగిరి అనే రాజ్యాన్ని ఏలుతుండేవాడు. ఏడు సముద్రాల అవతల యుద్ధంలో ఓడిపోయి, బాణం దెబ్బ తిని, మిరియం అనే నల్లగుర్రం మెడ కావలించుకుని ఆ మాట అన్నాడు. గుర్రం ఒక్కొక్క సముద్రమే ఈది ఆయన్ని కోట గుమ్మంలో దింపింది. ఆ రోజు విజయదశమి.

పద్మగిరిలో ఒక ఆచారం ఉంది. దసరా నాడు రాజు ఎవరికైనా మాట ఇస్తే, గుర్తుగా ఒక జమ్మి ఆకు కూడా ఇస్తాడు. మాట చెల్లకపోతే ఆ ఆకు తెచ్చి సభలో చూపించాలి. చూపిస్తే రాజు జవాబు చెప్పి తీరాలి. ఆకు లేకపోతే మాటా లేదు.

రాజు అందరి ముందూ మిరియానికి తన మాట మళ్ళీ చెప్పి జమ్మి ఆకు ఇచ్చాడు. గుర్రానికి చెయ్యి లేదు కనుక నోటి దగ్గర పెట్టాడు. దారి పొడుగునా గడ్డి పరక ఎరగని గుర్రం. నోటి దగ్గరికి పచ్చటి ఆకు వస్తే ఏం చేస్తుంది? తినేసింది.

మర్నాడు పొద్దున్నే రాజు వేటకు బయలుదేరుతూ మిరియానికి జీను వెయ్యమన్నాడు. మిరియం ఆయన మొహంలోకి చూసింది.

“ఆకు చూపించు,” అన్నాడు రాజు.

అదిగో, ఆనాటి నుంచి మిరియం కరవడం మొదలుపెట్టింది. దాణా పెట్టబోయిన వాణ్ణి కరిచింది, కళ్ళెం వెయ్యబోయిన వాణ్ణి కరిచింది, ఊరికే చూడబోయిన వాణ్ణీ కరిచింది. మంత్రిగారి తలపాగా నమిలి ఊసింది. సేనాపతిని తన్నితే వెళ్ళి గడ్డివాములో పడ్డాడు. రాజవైద్యుడు దాని జబ్బేమిటో చూద్దామని వచ్చి, తన భుజానికి తానే కట్టు కట్టుకుని వెళ్ళాడు. చివరికి దాని కాళ్ళకు తాళ్ళు వేసి లాయం చివరి గదిలో కట్టేశారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుకు కొరడా అంటే ఇష్టం. నడిపివాడు ధీరకేతుకు బుజ్జగింపులంటే ఇష్టం. చిన్నవాడు చిత్రకేతుకు పుస్తకాలంటే ఇష్టం. అతను దొరికిన తాళపత్రమల్లా చదివేవాడు, చదివిందల్లా అరిచేవాడు. పల్లకీ కనిపిస్తే “మోసేవాడిదే దారి!” అనేవాడు. భోజనాల దగ్గర “వండినవాడిదే తొలి ముద్ద!” అనేవాడు, అప్పటికి తన ముద్ద నోట్లో ఉన్నా సరే.

ఒకరోజు “బంధనాలు తెంచండి” అని ఎక్కడో చదివాడు. వెంటనే కత్తి తీసుకుని లాయంలోకి పరుగెత్తి అన్ని గుర్రాల తాళ్ళూ కోసేశాడు. గుర్రాలు నినాదాల కోసం ఆగలేదు. రాణిగారి మల్లెతోట మేసి, అటునుంచి అటే మంత్రిగారి చెరకుతోటలో పడ్డాయి.

“నువ్వూ గుర్రాలూ సమానమేనంటావు?” అన్నాడు రాజు.

“సమానమే,” అన్నాడు చిత్రకేతు, గడ్డం పైకెత్తి.

“అయితే ఇవాళ్టి నుంచి నీ పక్క మిరియం గదిలో వెయ్యిస్తాను.”

చిత్రకేతు చాప చుట్టుకుని వెళ్ళి లాయం గడప మీద నిలబడ్డాడు. “సోదరా!” అన్నాడు ఎలుగెత్తి. గుర్రం అతని భుజం కొరికింది.

ఆ కాలంలో గుర్రాలు మాట్లాడేవి. వినే తీరికే మనుషులకు ఉండేది కాదు. లాయంలో చిత్రకేతుకు తీరిక తప్ప మరేమీ లేదు కనుక విన్నాడు.

“నీ సోదరులిద్దరూ నా మీద ఎక్కి తిరిగినవాళ్ళే,” అంది గుర్రం. “ఆ పిలుపు నాకొద్దు.”

“మిత్రమా,” అన్నాడు చిత్రకేతు. రెండో భుజం కూడా కొరికింది.

“మిరియం అని పేరుంది కదా నాకు. అలా పిలిస్తే ఏం పోయింది?”

అలా కాపురం మొదలైంది. మిరియం కాళ్ళకు మళ్ళీ తాళ్ళు వేసే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. మిరియం నిలబడి నిద్రపోయేది, నిద్రలో కూడా తన్నేది. చిత్రకేతు గోడవార ముడుచుకునేవాడు. చెవులు వెనక్కి వాలితే దగ్గరికి పోకూడదని నేర్చుకున్నాడు. నానబెట్టిన ఉలవలు ముందు పెట్టి తర్వాత మాట్లాడాలని నేర్చుకున్నాడు. ఒకరోజు అతను స్నానానికి వెళ్ళొచ్చేసరికి మిరియం అతని సమానత్వం పుస్తకం నములుతూ ఉంది.

“ఎలా ఉంది?” అన్నాడు నీరసంగా.

“ఉప్పు తక్కువ,” అంది మిరియం.

కానీ జమ్మి ఆకు సంగతి దాని నోట విన్ననాడు చిత్రకేతు నీరసంగా లేడు. మండిపోతూ సభకు వెళ్ళాడు. “మహారాజా, మిరియానికి మీరిచ్చిన మాట ఏమైంది?”

“ఆకు ఏదీ?” అన్నాడు తండ్రి.

“తినేసింది.”

“అయితే మాట అందింది, ముట్టింది, అరిగింది కూడా. ఇంకేం కావాలి?”

సభంతా నవ్వింది. చిత్రకేతు లాయానికి తిరిగొచ్చి నేల మీద చెయ్యి వేసి చెప్పాడు: “నీకిచ్చిన మాట చెల్లేదాకా ఈ గదిలోంచి నా చాప తియ్యను.”

“అయితే కాస్త అటు జరిగి పడుకో,” అంది మిరియం. “చాలాకాలం ఉండేట్టున్నావు.”

ఆ వేసవిలో రాజ్యంలో కరువు వచ్చింది. కరకంఠుడనే మాంత్రికుడు వచ్చి, వాన కురిపిస్తే ఏమిస్తావని రాజును అడిగాడు. “నా తోట మామిడిపళ్ళలో సగం,” అన్నాడు రాజు. వాన కురిసింది. మామిడిపళ్ళు పండాయి. మాంత్రికుడు బుట్ట పట్టుకొచ్చాడు.

“చూద్దాం లే,” అన్నాడు రాజు.

“నిలబెట్టుకోని మాట నీకెందుకయ్యా?” అని మాంత్రికుడు రాజు గొంతు ముందు గుప్పిట మూశాడు. రాజుగారి గొంతు ఆ గుప్పిట్లోకి వెళ్ళింది. దాన్ని తన చిలుక నోట్లో వేసి, ఏడు సముద్రాల అవతల ఉన్న తన దీవికి ఎగిరిపోయాడు.

రాజు మూగవాడయ్యాడు. ఆయన సైగలకు మంత్రి అర్థం చెప్పేవాడు. రాజు దాహమని సైగ చేస్తే, “మంత్రికి ఇంకో ఏనుగు ఇమ్మంటున్నారు,” అనేవాడు. రాజు తల బాదుకుంటే, “రెండు ఇమ్మంటున్నారు,” అనేవాడు. చివరికి రాజు బొగ్గుముక్కతో సభలో నేల మీద రాశాడు: నా గొంతు తెచ్చినవాడిదే సింహాసనం.

ఏడు సముద్రాలూ ఈదిన గుర్రం ఒక్కటే. పెద్దవాడు కొరడాతో వెళ్ళాడు. మిరియం అతన్ని లాయం కప్పు మీదికి తన్నింది. నడిపివాడు బెల్లంతో వెళ్ళాడు. మిరియం బెల్లం తిని, తర్వాత అతన్ని కప్పు మీదికే తన్నింది. అన్నదమ్ములిద్దరూ పైన కూర్చుని నిచ్చెన కోసం కేకలు వేస్తుంటే, చిన్నవాడు ఉలవలు పెట్టి, తినడం అయ్యేదాకా ఆగి, అప్పుడు అడిగాడు.

“మూడు షరతులు,” అంది మిరియం. “నా మీద జీనూ పడకూడదు, మనిషీ ఎక్కకూడదు. నేను తినేటప్పుడు ఉపన్యాసం ఉండకూడదు. తిరిగొచ్చాక మీ నాన్న మాట చెల్లాలి.”

“మూడూ ఒప్పుకున్నాను.”

“రెండోది నీకు కష్టం. ఆలోచించుకో.”

చిత్రకేతు దాని తోక పట్టుకుని ఈదాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రంలో మిరియం ఎంతకీ కదల్లేదు. కల్లు సముద్రంలో చిత్రకేతు చేపలన్నిటికీ ఉపన్యాసం ఇచ్చాడు. నేతి సముద్రంలో తోక జారిపోయింది. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీటి సముద్రం కూడా దాటి దీవి చేరారు.

ఒడ్డున ఒక అమ్మాయి పంజరం కడుగుతోంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమారి, పేరు తరంగిణి. ఆమె భుజం మీద చిలుక కూర్చుని ఉంది.

“చూద్దాం లే,” అంది చిలుక, అచ్చం తామ్రకేతు మహారాజు గొంతుతో. “రేపు రా. పండగ వెళ్ళనీ. నన్ను ప్రాణాలతో ఇల్లు చేర్చు, మిరియం. ఇక నీ వీపు మీద జీను పడదు. ఇది నా మాట.”

మిరియం చెవులు నిక్కబొడుచుకున్నాయి.

“రోజంతా ఇదే గోల,” అంది తరంగిణి. “ఎవరండీ ఈయన? ఇన్ని మాటలిచ్చి ఒక్కటీ తీర్చినట్టు లేడు.”

“మా నాన్న,” అన్నాడు చిత్రకేతు.

“అయ్యో,” అంది తరంగిణి.

ఆమె రెండు సంగతులు చెప్పింది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది. మెడ విరిస్తే వాడు చస్తాడు, కానీ రాజు గొంతూ చస్తుంది. ఇక, ఆ గొంతు పలికిన మాట నాదేనని రాజు ఒప్పుకుంటేనే అది ఆయన్ని చేరుతుంది.

అంతలో కరకంఠుడు వచ్చాడు. చిలుకను లాక్కుని చేతి మీద పెట్టుకుని, “ఎవడ్రా నువ్వు?” అన్నాడు.

“గుర్రంతో కాపురం చేసేవాణ్ణి,” అన్నాడు చిత్రకేతు వినయంగా. “దూరంగా నిలబడండి స్వామీ. దీని మీద ఎక్కే మొనగాడు ఇంకా పుట్టలేదు.”

“నేను పులుల మీద ఎక్కినవాణ్ణి.”

“పులులు మంచివి స్వామీ. ఇది మిరియం.”

“చేతిలో చిలుకను పట్టుకుని జూలు ఎలా పట్టుకుంటారు?” అంది తరంగిణి అమాయకంగా. “ఇటివ్వండి, పంజరం కడగడం ఎలాగూ అయింది.”

మాంత్రికుడు పౌరుషంలో చిలుకను ఇచ్చేసి ఎగిరి గుర్రమెక్కాడు. మిరియానికి జీవితంలో మొదటిసారి ఒక మనిషి తనపై ఎక్కినందుకు సంతోషం కలిగింది. ముందుకాళ్ళు ఎత్తింది, వెనకకాళ్ళు విదిల్చింది, గిర్రున తిరిగింది. మాంత్రికుడు వెళ్ళి తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కున్నాడు.

“చిలుక మా దగ్గరుంది,” అని కింద నుంచి చెప్పాడు చిత్రకేతు. “ఇక చెప్పినట్టు విను.”

“వింటాను,” అన్నాడు పైనుంచి మాంత్రికుడు. “నిచ్చెన ఉందా?”

అతని మంత్రనావలో వాళ్ళు ముగ్గురూ, పక్కన ఈదుతూ మిరియం, పద్మగిరి చేరారు. ఒడ్డు మీద జనం, డప్పులు, పూలదండలు. చిత్రకేతు ఆ సంబరంలో తనకు తెలియకుండానే మిరియం జూలు పట్టుకుని కాలెత్తాడు.

“దీని గురించి మీ పుస్తకాల్లో ఏం రాశారు?” అని అడిగింది తరంగిణి.

చిత్రకేతు కాలు దించాడు. నడిచే వెళ్ళాడు.

సభలో చిలుక రాజు ఇచ్చిన మాట అక్షరం పొల్లుపోకుండా పలికింది. రాజు కనుబొమలు ఎగరేసి, ఆకు ఏదీ అని సైగ చేశాడు.

“ఆకు తిన్నాను, మహారాజా,” అంది మిరియం. “గొంతు మాత్రం మీదే. కాదంటే చిలుక దగ్గరే ఉంచేస్తాం.”

రాజు గుర్రాన్ని చూశాడు, చిలుకను చూశాడు, ఇంకో ఏనుగు కోసం సిద్ధంగా ఉన్న మంత్రిని చూశాడు. తల ఊపాడు. గొంతు వచ్చి గొంతులో పడింది. మిరియం జీనును ఆయనే తన చేతులతో పొయ్యిలో వేశాడు. మాంత్రికుడికి సగం మామిడిపళ్ళు ముట్టాయి, లాయం ఊడ్చే పనీ ముట్టింది. చిత్రకేతుకూ తరంగిణికీ పెళ్ళయింది. మిరియం పెళ్ళిపందిరి తోరణం తినేసి, పురోహితుణ్ణి కరిచింది.

“ఇంకా కోపం తీరలేదా?” అన్నాడు చిత్రకేతు.

“ఎప్పుడో తీరింది. ఇది నా తత్వం.”

విజయదశమి నాడు పట్టాభిషేకం. కొత్త రాజు ఆవేశంగా జమ్మి ఆకు తీసి మిరియం ముందు పెట్టాడు. “నా ఏలుబడిలో ఏ గుర్రం కాలికీ తాడు ఉండదు. ఇది నా మాట.” సభంతా చప్పట్లు కొట్టింది.

చిత్రకేతు తరంగిణితో కలిసి చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. అలా ఏలగలిగాడంటే, మరుసటి దసరా వెళ్ళిన మర్నాడు జరిగిన సంగతి వల్లనే.

ఆ పొద్దున మిరియం సభలోకి నడిచి వచ్చింది. లాయంలో గుర్రాల కాళ్ళకు ఇంకా తాళ్ళున్నాయి.

“మల్లెతోట సంగతి ఉంది కదా, మిరియం,” అన్నాడు రాజు సింహాసనం మీద సర్దుకుంటూ. “చెరకు కూడా చేతికి రావాలి. చూద్దాం లే.”

అనేసి ఉలిక్కిపడ్డాడు. పంజరంలో చిలుక ఎవరి గొంతు విన్నదో ఏమో, తల తిప్పి అతనివైపు చూసింది. తరంగిణి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిరియం నోరు తెరిచి, ఎండిన జమ్మి ఆకును జాగ్రత్తగా అతని పాదాల దగ్గర పెట్టింది. దాని అంచు మీద ఒక్క పంటిగాటు కూడా లేదు.

“ఈసారి తినలేదు,” అంది. “కార్తీక పౌర్ణమి నాడు పొద్దు గుంకేలోగా జవాబు కావాలి.”