ఆదివారపు నీరు

రేవులపాడు కమ్యూనిటీ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించే పరాంకుశం అనే అధ్యాపకుడు ఉండేవాడు. ఆయన పండితుడే, సత్యవంతుడే, కాని తన గాజుగొట్టంలో తేలని మాట మాటే కాదనే అహంకారం ఆయనను వీడలేదు.

ఆ కళాశాల పెద్దది కాదు. నడుమ చదువు ఆగిపోయినవారికి మళ్లీ అక్షరాన్ని అందించాలని ఊరివారు కాలువగట్టున కట్టుకున్న నాలుగు గదుల విద్యాలయం. ఉదయమంతా ఆటో నడిపినవారు, కుట్టుమిషను తొక్కినవారు, మధ్యాహ్నం మూడింటికి వచ్చి బల్లల మీద కూర్చునేవారు. ఆ యేడు అక్కడ పర్యావరణ అధ్యయనమనే కొత్త పాఠ్యాంశం మొదలైంది. ఊరి కాలువను నాలుగు శాస్త్రాలు కలిసి చూడాలన్నది దాని ఉద్దేశం. రసాయనం వారు నీటిని పరీక్షించాలి. జీవశాస్త్రం వారు నీటిలోని ప్రాణులను గమనించాలి. అర్థశాస్త్రం వారు కాలువను నమ్ముకున్న వృత్తుల వివరాలు రాయాలి. తెలుగు వారు గట్టు మీది జనుల మాటలను సేకరించాలి. చివరకు నాలుగింటినీ ఒక్క గ్రంథంగా కూర్చాలి.

ఆ కూర్పు మాత్రం జరగలేదు. ఎవరి భాగానికి వారు ఒక్కో రంగు అట్ట వేయించి, ప్రిన్సిపాలుగారి గదిలోని బీరువాలో పెట్టించారు. ఒకరిది ఒకరు తెరవలేదు.

"ఎవరి శాస్త్రం వారిది. కలిపితే కషాయమవుతుంది" అని పరాంకుశం నవ్వేవాడు.

ఆ తరగతిలో నూకరత్నం అనే ముప్పై యేళ్ల స్త్రీ ఉండేది. చాకిరేవులో బట్టలుతికి బతికేది. ఆమెకు భవాని అనే ఏడేళ్ల కూతురు. భర్త పోయాక ఆ బిడ్డే ఆమెకు లోకం. తల్లీకూతుళ్లు ఒకే పలక మీద, పైసగం ఒకరు, కిందిసగం ఒకరు, రాసుకునేవారు. తల్లి తప్పు రాస్తే భవాని చూపుడువేలు తడిచేసి తుడిచేది.

ఒకనాడు పరాంకుశం కాలువను గురించి ఎవరికి తెలిసినది వారు ఒక పుట రాయమన్నాడు. నూకరత్నం పుస్తకం దగ్గరికి రాగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేమిటమ్మా? 'మా రేవులో రెండేళ్లుగా ఆదివారం తెల్లబట్టలు ముంచము' అని రాశావు?"

"నిజవేనండి మాస్టారూ. ఆదివారం నీళ్లు వేరేగా ఉంటాయండి. ముంచితే బట్టకి జిగురొస్తది. ఎంత నీలిమందు పెట్టినా తెలుపు తిరగదు. సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ మామూలేనండి."

వెనుక బల్ల మీది ఆటో వీర్రాజు ఎకసెక్కమాడాడు. "ఆదివారం నీళ్లక్కూడా సెలవేంటి వొదినా?"

"ఈ ఆదివారం నీ చొక్కాయే ముంచుతాన్లే మరిదీ. తొడుక్కుని తిరుగు. దురదెక్కితే సెలవో కాదో నీకే తెలుస్తది" అంది నూకరత్నం.

తరగతి ఘొల్లుమంది. పరాంకుశం నవ్వలేదు.

"మంగళవారం క్షవరం కూడదు. శుక్రవారం ఇల్లు దులపకూడదు. ఇప్పుడు ఆదివారం తెల్లబట్టలు కూడదా? ఆ రేవులో నీటిని నేను పన్నెండు మార్లు పరీక్షించాను. ఒక్క దోషమూ లేదు. నీటికి వారాలు తెలియవమ్మా" అన్నాడు. ఆ పుట అడుగున ఎర్రసిరాతో 'మూఢనమ్మకం' అని రాసి అడ్డంగా గీత గీశాడు.

ఆయన చెప్పినది అబద్ధం కాదు. కాని కళాశాలలో ప్రయోగాల తరగతి బుధవారం. అందువల్ల ఆ పన్నెండు సీసాలూ బుధవారమే నిండాయి. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

ఆ సాయంకాలం భవాని ఆ ఎర్ర అక్షరాలను చూసింది.

"ఏం తప్పు రాశావే అమ్మా? మాస్టారు గీత కొట్టేశారు."

"ఆదివారం నీళ్లు బాగోవని రాశానే."

"బాగుంటాయా మరి?"

"బాగోవు."

"అయితే గీత తప్పు" అని భవాని వేలు తడిచేసుకుని తుడవబోయింది. సిరా పలక మీది సుద్దలా పోలేదు.

చైత్రం వెళ్లింది. ఎండలు ముదిరాయి. ఆ ప్రాంతంలో ప్రతి వేసవిలోనూ కాలువలకు నీరు ఆపి కట్టేస్తారు. కట్టే ముందు ప్రతి ఊరూ తన మంచినీళ్ల చెరువును నింపుకుంటుంది. మళ్లీ కాలువ వచ్చేదాకా, రెండు నెలలు, ఊరంతా ఆ నీరే తాగాలి. రేవులపాడుకు ఆ యేడు ఆది, సోమవారాలు వంతు వచ్చింది. నీరు ఎలా ఉందో, ఎంత బ్లీచింగ్ పొడి కలపాలో రాసిమ్మని సర్పంచి కళాశాలను అడిగాడు. పరాంకుశం తన పన్నెండు పరీక్షలను ఆధారం చేసుకుని, నీరు పానయోగ్యమని, స్వల్పంగా పొడి కలిపితే చాలునని సంతకం చేసి ఇచ్చాడు. ఆదివారం తెల్లవారగానే తూము ఎత్తుతామని ఊళ్లో చాటింపు వేశారు.

శనివారం సాయంకాలం నూకరత్నం ఆయన ఇంటి గుమ్మం ముందు నిలబడింది. కొంగున చేతులు తుడుచుకుంటూ అంది:

"మాస్టారూ, రేపు తూము ఎత్తొద్దని ఒక్క మాట చెప్పండి. సోమవారం మధ్యాహ్నం ఎత్తినా చెరువు నిండుద్దండి. మీరు చెబితే వింటారు."

"మళ్లీ అదే మాటా? ఒకవేళ సోమవారం నీరు తగ్గితే రెండు నెలలు ఊరి గొంతు తడిపేదెవరు? నువ్వా?"

"పోనీ రేపు పొద్దున్నే ఒక్క సీసా పట్టి చూడండి. నేనే పట్టుకొస్తాను."

"రేపు కళాశాలకు సెలవు. ప్రయోగశాల తాళం అటెండరు దగ్గర ఉంటుంది. ఒక నమ్మకాన్ని తీర్చడానికి అతణ్ణి ఇంటినుంచి పిలిపించమంటావా?"

నూకరత్నం గుమ్మం మెట్టు దిగింది. "సెలవేనండి" అని వెళ్లిపోయింది.

ఆదివారం తూము లేచింది. చెరువు నిండింది. పసుపు కుంకుమలు చల్లారు. పరాంకుశం రాసిచ్చిన కొలతకు సరిగ్గా పొడి కలిపారు.

నూకరత్నం తన ఇంట ఆ నీటిని ముట్టలేదు. కిలోమీటరు దూరంలోని చేతిపంపు నుంచి ఉప్పటి నీరే మోసుకొచ్చి, కాచి చల్లార్చి బిడ్డకు పోసేది. బడికి సీసా కట్టి ఇచ్చేది. కాని ఏడేళ్ల పిల్ల. ఎండలో ఆడి ఆడి సీసా ఖాళీ అయిన పూట తోటిపిల్లలతో పాటు చెరువు నీరే వచ్చే బడి కుళాయి కింద దోసిలి పట్టింది.

వారం తిరిగేసరికి ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నలభైమంది మంచాన పడ్డారు. ముప్పైతొమ్మిదిమంది లేచారు. భవానిని పట్నం ఆసుపత్రికి వీర్రాజు తన ఆటోలోనే తీసుకుపోయాడు. దారిలో ఆ బిడ్డ "నీ నీళ్లే తాగాల్సిందమ్మా" అని ఒక్కమారు అంది. తరువాత మాట్లాడలేదు. రెండోనాడు ఉదయం వీర్రాజు ఆటో నెమ్మదిగా, హారను మోగించకుండా, ఊళ్లోకి తిరిగివచ్చింది.

ఆ కబురు విన్న పరాంకుశం కళాశాలకు వెళ్లాడు. బీరువా తెరిపించి నాలుగు అట్టల పుస్తకాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. తనది తప్ప తక్కినవాటిని ఆయన తాకడం అదే మొదలు.

అర్థశాస్త్రం వారి ఆకుపచ్చ అట్టలో ఇలా ఉంది: 'ఎగువ ఊళ్లలో రెండేళ్ల కింద తవ్విన చేపల చెరువులను వంతులవారీగా ప్రతి శనివారం తోడి చేపలు పడతారు. ఆదివారపు సంతలకు పంపుతారు.' జీవశాస్త్రం వారి నీలి అట్టలో ఇలా ఉంది: 'చెరువులు తోడినప్పుడు అడుగున కుళ్లిన మురుగు కాలువలో కలుస్తుంది. అందులో రోగక్రిములు మెండు.' తెలుగు వారి పసుపు అట్టలో చాకిరేవు వారి మాట ఉంది: 'ఆదివారం తెల్లబట్టలు ముంచము.' తన ఎర్ర అట్టలో పన్నెండు బుధవారాలు నిర్దోషంగా మెరుస్తున్నాయి.

ఒక బిడ్డను బతికించగల జ్ఞానమంతా ఆ బీరువాలోనే ఉంది. ముక్కలై ఉంది. పరాంకుశం ఆ పుటల మీద తల వాల్చాడు.

ఆయన ఏదీ దాచలేదు. పంచాయతీ ఎదుట నిలబడి, ఇది తన దోషమని చెప్పాడు. చెరువు నీటిని తోడించారు. తక్కిన వేసవి అంతా ఊరు ట్యాంకర్ల కోసం బిందెలతో బారులు తీరింది.

జ్యేష్ఠంలో కాలువ వచ్చింది. మొదటి ఆదివారం తెల్లవారగానే పరాంకుశం సీసా పట్టుకుని చాకిరేవుకు వెళ్లాడు. నూకరత్నం మోకాటిలోతు నీటిలో రంగుబట్టలు జాడిస్తోంది. కళాశాలకు ఆమె మళ్లీ రాలేదు.

ఆమె కళాశాలలోనే వదిలేసిన పుస్తకాన్ని ఆయన ఆమె ముందు తెరిచి పట్టాడు. 'మూఢనమ్మకం' అన్న తన మాటను తానే కొట్టేసి, కింద 'ఇది శాస్త్రం. తెలియనివాణ్ణి నేను' అని రాసి ఉంచాడు.

ఆమె చదివింది. తడిచేతితో తాకలేదు.

"గీత తప్పని మా భవాని ఆనాడే అందండి" అంది మెల్లగా. "ఆ పుస్తకం మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. రేపు వచ్చేవాళ్లకి చూపించండి."

పరాంకుశం పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. సీసా ముంచడానికి వంగాడు. గట్టు మీది మూటపక్కన, విడిగా, శుభ్రంగా మడిచిన చిన్న తెల్లచొక్కా ఒకటి కనిపించింది. బడిచొక్కా. జేబు మీద సిరామరక ఇంకా ఉంది.

"అదీ... ఉతకాలా అమ్మా?" అన్నాడు ఏమనాలో తెలియక.

"ఇవాళ కాదండి" అంది నూకరత్నం, కాలువవైపు చూస్తూ. "ఆదివారం తెల్లబట్టలు ముంచమండి."

ఎంత గొప్పదైనా, పక్కవారి ఎరుకను వినని చదువు సగం చదువే. ఆ సగం చదువుకు బలి అయ్యేది చదివినవాడు కాదు, అతణ్ణి నమ్మిన లోకం.