మరక కింది గీతలు

"గురువుగారూ, నాణెం చేతిలోకి తీసుకోగానే, సందేహమన్నది లేకుండా దాని తరగతి చెప్పగలగాలంటే నాకు ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?" అని ఇందుమతి ఒకనాడు పూర్ణాచారిగారిని అడిగింది. ఆయన బందరులో పాత వెండి నాణేల నాణ్యం చూసే పెద్దమనిషి. ఆమె కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరై, ఆరేళ్లుగా ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకుంటోంది. ఆచారిగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఆ వారంలోనే కాత్యాయని అనే ఆవిడ కంపెనీ కాలపు వెండి రూపాయి ఒకటి తీసుకుని వచ్చింది. కాలం చేసిన భర్త ప్రాణంలా దాచుకున్న నాణెం అది. ఆయన పేరు మీద ఓ మ్యూజియానికి ఇద్దామని ఆవిడ కోరిక. తోమని, మొదటి తరగతి నాణెమైతేనే తీసుకుంటామని, ఆచారిగారికి మరోసారి చూపించి రమ్మని వాళ్లు చెప్పారట. ముప్పై ఏళ్ల కిందట ఆచారిగారే రాసిచ్చిన కాగితం కూడా వెంట తెచ్చింది. "మొదటి తరగతి. తోమిన జాడ లేదు. అంచు దగ్గర మినపగింజంత గోధుమరంగు మరక" అని ఉంది, కింద సంతకంతో.

ఆచారిగారు నాణేన్ని ఇందుమతి చేతికిచ్చారు. ఆమె అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో చూసింది. నాణెం మీది రాణి బొమ్మలో జుట్టు పాయలు విడివిడిగా, నిన్న అచ్చువేసినట్టున్నాయి. అరుగుదల లేదు. ఎంత బాగుందో అనుకుంటూ ఇంకాస్త వాల్చింది. రాణి ముఖం ముందున్న ఖాళీ జాగాలో వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వాటంగా, బయటపడ్డాయి. ఎవరో మెరుపు కోసం గుడ్డా పొడీ పెట్టి రుద్దిన గీతలు. అలా తోమితే పైపొర అరిగి నాణేనికి తరగతి పడిపోతుంది.

ఎదురుగా గురువుగారి సంతకం. చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది.

"దీన్ని తోమారండీ. మొదటి తరగతి రాదు" అంది చివరికి. వెంటనే, "మీరు చూశాక ఎవరో తోమి ఉంటారు" అని సర్దింది.

కాత్యాయని ముఖం పాలిపోయింది. "నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదమ్మా. అయితే ఆయనే పాడుచేశారంటారా?"

తను ఎవరి మీదికి నెట్టిందో ఇందుమతికి అప్పుడు తెలిసింది. ఆచారిగారు నాణెం తీసుకుని, భూతద్దంతో కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఆమెను పిలిచి, "ఈ మరక దగ్గర చూడు" అన్నారు.

ఇందుమతి చూసింది. గీతలు మరక కిందుగా దూరి అవతలికి పోతున్నాయి. మరక మీద మాత్రం ఒక్క గీత లేదు. ముప్పై ఏళ్ల కిందట మరక ఉన్నట్టు ఆయన కాగితమే చెబుతోంది. అంటే గీతలు అంతకన్నా పాతవి.

"మీవారి తప్పేమీ లేదమ్మా. నా దగ్గరికి తెచ్చేటప్పటికే ఇది తోమిన నాణెం. నేనే చూడలేదు" అన్నారు ఆచారిగారు కాత్యాయనితో. పాత కాగితం మీది మొదటి రెండు వాక్యాలూ కొట్టేసి, "తోమినది. రెండో తరగతి. ఇదివరకు పొరబడ్డాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు.

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. "మ్యూజియం వాళ్లు తీసుకోకపోతే మా ఇంట్లోనే ఉంటుంది లెండి. ఆయన మీద మాట రానివ్వలేదు, అదే చాలు" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఆచారిగారు బీరువాలోంచి ఆనాటి రిజిస్టరు దించారు. ఆ ఏడాది ఆయన చూసిన నాణేలు ఇరవై మూడు. పోస్టుకార్డుల కట్ట ముందు పెట్టుకుని, నాణెం మళ్లీ ఒకసారి చూపించమని ఒక్కొక్కరికే రాయడం మొదలుపెట్టారు.

ఇందుమతి చూడలేకపోయింది. ఆ వయసులో, అంత పేరున్న మనిషి, ఎవరూ అడక్కుండానే! "మిగతావి సరిగ్గానే చూసి ఉంటారు కదా గురువుగారూ. సందేహం వస్తే అప్పుడే ఇంకోసారి చూసేవారు" అంది.

ఆచారిగారు చిరునామా రాస్తూ, తల ఎత్తకుండానే అన్నారు:

"ఆ రోజు నాకు ఏ సందేహమూ రాలేదమ్మా."