చుట్టకుదుళ్ల గుట్ట

పూర్వం, మన పెద్దలు నేటికీ తలచుకుని నిట్టూర్చే పెద్దకరువు కాలంలో, వరుసగా రెండు వర్షర్తువులు ముఖం చాటేసి, జొన్నచేలు మొలకలోనే మాడిపోయిన ఆ దుర్దినాలలో, ఈ గుట్టను బోడిగుట్ట అని పిలిచేవారు. గరిక సైతం మొలవని నల్లరాతి కొండ ఇది. దీని పాదాన, కొత్తగా క్రీస్తును నమ్ముకున్న కొద్దిపాటి కుటుంబాల పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో లేయమ్మ అనే భక్తురాలు నివసించేది. భక్తురాలనగానే మెత్తని మనిషి అనుకోరాదు. ఆవిడ నోటికి జడిసి ఊరి పెత్తందార్లు సైతం పక్కదారి పట్టేవారని ప్రతీతి.

ఆవిడ భర్త కాలువ తవ్వకపు పనులకని తూర్పుదేశం పోయి, బ్రతికి ఉన్నాడో లేడో తెలియని స్థితిలో ఉన్నాడు. మిగిలింది రూతమ్మ అనే పసిబిడ్డ ఒక్కతె. ఆకలికి ఆ బిడ్డ ఏడవడం కూడా మానేసింది. సరిగ్గా ఆ సమయంలోనే, ఆ ప్రాంతానికి ఏలికైన భుజంగరాయలు దొర గుట్ట శిఖరాన ఒక చల్లని విడిదిమేడ కట్టించ సంకల్పించాడు. ఆకలి ఎక్కడ పెరిగితే కూలి అక్కడ తరుగుతుందన్న సూక్ష్మం తెలిసిన ప్రభువు ఆయన. గుట్ట కింద రాళ్లు కొట్టించి, ఆడవాళ్ల నెత్తిన పైకి మోయించి, పొద్దుగూకేవేళ మనిషికి సోలెడు జొన్నలు కొలిపించేవాడు.

నెత్తిన రాయి నిలవాలంటే దాని కింద చుట్టకుదురు ఉండాలి. గుడ్డపేలికలు చుట్టుకుందామంటే ఒంటికే గుడ్డ కరువైన రోజులు కాబట్టి, ఆ స్త్రీలు గుడిసెల కప్పుల నుంచి పాత కొర్రగడ్డి పీకి, మెలితిప్పి, గుండ్రంగా చుట్టుకుని నెత్తిన పెట్టుకునేవారు. గుట్టకు సగం దారిలో ఒక చదునైన బండ మీద పల్లెలో ప్రార్థనలు నడిపే ఉపదేశి హనోకు నాటిన కొయ్యసిలువ ఉండేది. మధ్యాహ్నం పూట వారంతా రాళ్లు దించి, ఆ సిలువ ముందు మోకరించి, తమ చింతలు ప్రభువుకు అప్పగించి, లేచి, మళ్లీ రాళ్లు ఎత్తుకుని పైకి పోయేవారు.

లేయమ్మ కూడా అప్పగించేది. బిడ్డను అప్పగించేది, మగడిని అప్పగించేది, రేపటి గంజిని అప్పగించేది. కాని లేచి నాలుగడుగులు వేసేసరికి, రూతమ్మ ఈ వారం దాటుతుందా అన్న దిగులు ఎప్పటిలాగే నెత్తిన ఉండేది. ఇంత నమ్మినా తన దిగులు ప్రభువు ఎందుకు తీసుకోడో ఆవిడకు అంతుపట్టలేదు. ఆ విషయమై ఆయన మీద కొంత కోపంగా కూడా ఉండేదని చెప్పక తప్పదు.

ఇట్లుండగా వానలరాకకు ముందే మేడ పూర్తి కావాలని తొందరపడిన దొర, ఇకమీదట ఆదివారం కూడా రాళ్లు మోయవలసిందేనని, మోయనివారికి వారమంతా గింజలు లేవని చాటింపు వేయించాడు. తొందర ఒక నెపం మాత్రమే. తన జొన్నలు తింటూ మరొకరి ముందు మోకరించడం ఆయనకు మొదటినుంచీ కంటగింపుగా ఉండేది. పల్లెలో అందరూ తల వంచారు. "ఆదివారానికేం, మళ్లొస్తది. పానం పోతే మళ్లొస్తదా?" అన్నారు పెద్దలు. ఆ మాటలో అబద్ధం లేదు కనుక లేయమ్మ అంతటిది కూడా ఎదురు చెప్పలేకపోయింది.

ఆ ఆదివారం ఉదయాన, రాళ్లకు పోయేముందు ఒక్క ప్రార్థన అయినా చేసుకుందామని స్త్రీలందరూ సిలువ దగ్గర చేరారు. వృద్ధుడైన హనోకు ఉపదేశి, ఎవరి ముఖంలోకీ చూడలేక ప్రార్థన ముగించి, కన్నులు తెరిచి, లేయమ్మ నెత్తిన చుట్టకుదురును చూసి చిన్నగా నవ్వాడు.

"దిగులంతా దించేశానన్నావు గదమ్మా, మరి ఆ చుట్టకుదురెందుకు?"

"మళ్లా ఎత్తుకోబళ్లా తాతా?" అంది లేయమ్మ, ఆలోచించకుండానే.

అని, తన మాట తన చెవిని పడి, అక్కడే నిలబడిపోయింది. అన్నాళ్లుగా తాను ఏమి చేస్తున్నదో ఆవిడకు ఆ క్షణాన బోధపడింది. మళ్లీ ఎత్తుకునే ఉద్దేశంతోనే ప్రతిరోజూ దించుతూ వచ్చింది. తీసుకోవడానికి ప్రభువు చేయి చాపినా, తాను కుదురు సర్దుకుంటూనే ఉంది. ఆవిడకు ముందు సిగ్గు వేసింది, తరువాత పట్టరాని రోషం వచ్చింది. చుట్టకుదురు తీసి, సిలువ ముందు, పైకి పోయే దారికి అడ్డంగా నేలను పెట్టి, దాని పక్కనే చతికిలబడింది. కాసేపటికి మరొకతె తన కుదురు తీసి పక్కన పెట్టింది. ఆపైన ఇంకొకతె పెట్టింది. చూస్తుండగానే ఇరుకైన ఆ దారి ఈ అంచునుంచి ఆ అంచు వరకు చుట్టకుదుళ్లతో నిండిపోయింది.

పైకి రాళ్లు రాలేదని విని దొర స్వయంగా పల్లకీలో బయలుదేరాడు. బోయీలు ఓహోమ్ ఓహోమ్ అనుకుంటూ బండ దాకా వచ్చి, దారిలో పరిచి ఉన్న చుట్టకుదుళ్లను చూసి ఆగిపోయారు.

"మీ దేవుడు రేపు జొన్నలు కొలిచిపెడతాడేమో అడిగారా?" అన్నాడు దొర, పల్లకీ తెర తొలగించి.

"అడిగాం దొరా," అంది లేయమ్మ లేవకుండానే. "తమరి గాదెలో ఉండేవి ఎవురు పండించారో, అది గూడా అడిగాం."

దొర ముఖం ఎర్రబడింది. తొక్కుకుంటూ పొమ్మని బోయీలను ఆజ్ఞాపించాడు. వారు క్రైస్తవులు కారు, ఆ సిలువతో వారికి ఏ సంబంధమూ లేదు. అయినా వారి భుజాల మీద కూడా, పల్లకీ బొంగు కింద, గుడ్డ చుట్టలు ఉన్నాయి. ముందు పట్టిన ముసలి బోయీ పల్లకీని మెల్లగా నేలకు దించాడు. "మోసేవోళ్ల కుదురు మోసేవోళ్లు తొక్కరు దొరా. తమరు తొక్కాలంటే దిగి తొక్కండి," అన్నాడు. దొర ఒక కాలు కింద పెట్టాడు. అందరూ ఆ కాలి వైపే చూస్తున్నారు. చివరకు ఆయన కాలు లోపలికి తీసుకుని, గింజలు బందు అని కేక వేసి, వెనక్కి తిప్పించుకుని పోయాడు.

ధైర్యం గొప్పదే గాని, దాన్ని వండుకోలేము. మరునాటి సాయంకాలానికి, ఇంకా బండ మీదే కూర్చుని ఉన్న లేయమ్మ పక్కన, రూతమ్మ కన్నులు తేలవేసింది. అప్పుడు దొర తరఫున రాళ్లపని చేయించే వీరన్న మేస్త్రీ గుట్ట ఎక్కి వచ్చి, ఒక్క రాయి మోస్తే చాలు, తక్షణం సోలెడు కొలుస్తానని బ్రతిమిలాడాడు. అతడూ చెడ్డవాడు కాదు. లేయమ్మ లేచింది. వంగి తన చుట్టకుదురు మీద చేయి వేసింది. చాలాసేపు ఆ చేయి అక్కడే ఉండిపోయింది. తరువాత బిడ్డను తెచ్చి సిలువ మొదట్లో పడుకోబెట్టి, మేస్త్రీ వింటుండగా, పొరుగింటి మనిషితో తగవాడినట్లు ప్రార్థన చేసింది.

"ప్రభువా, దించా. నా బిడ్డను ఇదుగో నీ కాళ్లకాడ దించా. నువ్వెత్తుకుంటే ఎత్తుకో, లేకుంటే ఈడ్నే ఉంటది, అందరూ చూస్తారు. నేను మాత్రం ఆ దొర రాయి ఎత్తను, ఈ దిగులూ ఎత్తను. నా మెడ ఇక మోయదు."

మేస్త్రీ గుట్ట దిగిపోయాడు. దీపాలు పెట్టే వేళకు సిలువ ముందు కుండెడు గంజి ఉంది. బైబిలులో ప్రవక్తకు తెచ్చినట్లే కాకులు తెచ్చాయని కొందరు, దేవదూత తెచ్చాడని కొందరు చెబుతారు. మేస్త్రీ భార్య తిరపతమ్మ కొంగుచాటున తెచ్చిందని మాత్రం పల్లె ముసలమ్మల మాట, నమ్మదగిన మాట కూడా అదే. కాకుల చేత తెప్పించగలవాడికి తిరపతమ్మ చేత తెప్పించడం ఏమంత కష్టం? ఆ కుండ రోజూ వచ్చింది. రూతమ్మ బ్రతికింది.

ఆ వారం తిరగకుండానే ఆకాశం కరిగి కుంభవృష్టి కురిసింది. వాన వెలిసిన కొద్దిరోజులకు గుట్ట ఎక్కినవారు సిలువ ముందు ఆశ్చర్యంతో నిలబడిపోయారు. నల్లరాతి మీద, చుట్టకుదురు ఉన్న ప్రతిచోటా, ఆ పాతగడ్డిలో నూర్పిడికి రాలక మిగిలిన గింజలు మొలకెత్తి, పచ్చని వలయాలుగా లేచి ఉన్నాయి. వాటిని తొక్కి రాళ్లు మోయడానికి ఏ ఊరి కూలీలూ ఒప్పుకోనందున దొర మేడ నడుమెత్తున ఆగిపోయింది. లేయమ్మ భర్త మాత్రం తిరిగి రాలేదు. ఆవిడ ఏడ్చింది, చాలా ఏడ్చింది; ఆ దుఃఖాన్ని కూడా ఈ గుట్ట ఎక్కి దించి వచ్చింది. పని మానలేదు, కొత్త చుట్టకుదురు చుట్టుకుని, ముదిమి వచ్చేదాకా నలుగురి రాళ్లూ, కట్టెలూ మోస్తూనే బ్రతికింది.

శిఖరాన ఆ మొండిగోడ ఇప్పటికీ ఉంది. మేకలు దాని మీద ఎండకు పడుకుంటాయి. తొలకరి తరువాత వచ్చే ఆదివారంనాడు అన్ని మతాలవారూ కొర్రగడ్డి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని సిలువబండ దాకా ఎక్కి, దాన్ని అక్కడ విడిచి, వట్టి తలతో దిగుతారు. అందుకే ఏటా ఆ బండ మీద పచ్చని వలయాలు మొలుస్తాయి, అందుకే ఇది చుట్టకుదుళ్ల గుట్ట అయింది. దిగేవారి కోసం రూతమ్మ వంశపు ముసలమ్మలు కింద కూర్చుని ఉంటారు. ప్రతివారి తల మీదా చేయి వేసి తడిమి చూస్తారు. ఎవరైనా ఆశ చావక కుదురును వెనక్కి తెచ్చుకుంటే, లేయమ్మ తన ముసలితనంలో అక్కడే కూర్చుని అన్న మాటనే వారూ అంటారు.

"దించినట్టు లేదే. మళ్లా ఎక్కు."