మంచుగాలికి ఆరిన మాంసం

కుక్కపిల్లల్లో ఒకటి లేచి నిలబడలేకపోయేసరికి పుంచోక్ గురువుగారి దగ్గరికి వెళ్లక తప్పలేదు.

అప్పటిదాకా కుక్కల తిండి గురించి అతను ఎవర్నీ ఏమీ అడిగింది లేదు. అందరూ అతన్నే అడిగేవారు.

హిమాలయాల్లో ఒక ఎత్తైన కనుమ కింద ఉందా బౌద్ధారామం. శీతకాలంలో కనుమ దాటే బాటసారులు మంచులో దారి తప్పితే వెతికి తెచ్చేవి అక్కడి కుక్కలే. భుజాల నిండా జూలుతో, దూడలంత ఎత్తున ఉండేవి. ‘మా తాతను ఆరామం కుక్క లాక్కొచ్చింది’ అని చెప్పుకోవడం ఆ లోయలో ఒక గొప్ప.

వాటి తిండి తయారయ్యే పద్ధతి కూడా అక్కడిదే. చలికి చచ్చిన గొర్రెల, మేకల మాంసాన్ని పలచగా కోసి, ఎండ తగలని ఉత్తరపు అటక మీద వేలాడదీసేవారు. చలి దాన్ని రాయిలా గడ్డ కట్టించేది. లోపలి మంచు కరిగి నీరయ్యే లోపే పొడిగాలి దాన్ని ఎగరేసుకుపోయేది. చివరికి మిగిలిన ముక్క బెండులా తేలికగా ఉండేది. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే మళ్లీ మాంసమయ్యేది. సంచిలో వేసుకుని కనుమ మీదికి ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు.

పుంచోక్‌కు ముందు ఆ పని చూసిన ముసలి భిక్షువు గుండె, కాలేయం, ఎముకలు, కీళ్ల మీది మృదులాస్థి అన్నీ కలిపి దంచి, ఇంత బార్లీ పిండి చల్లి ఆరబెట్టేవాడు. చూడ్డానికి అది పిడకలా ఉండేది. ఆయన పోయాక పని పుంచోక్ చేతికి వచ్చింది. అతను అదంతా మార్చేశాడు. ఎర్రటి మెత్తటి కండ తప్ప మిగతా అంతా తీసేసి వంటశాల వెనక పారేయించాడు. కుక్కలు అటు పోయి ఎముకల్లో మూతి పెట్టకుండా వాటి ఆవరణకు తలుపు బిగించాడు.

అతని ముక్కు మామూలు ముక్కు కాదు. ఆరిన ముక్క వాసన చూసి గొర్రెదో మేకదో, ముసలిదో లేతదో చెప్పేవాడు. విరిస్తే వచ్చే చప్పుడును బట్టి తడి ఎంత మిగిలిందో చెప్పేవాడు. నీళ్లలో వేసి, పైకి తేలిన జిడ్డునూ అడుగున దిగిన మడ్డినీ చూసి, ఆ సంచిలో ఏమేం కలిసిందో ఒకటొకటిగా బయటపెట్టేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఆకురాలు కాలంలో ఊళ్లవాళ్లు కుక్కల కోసం తమ ఇళ్లలో ఆరబెట్టిన మాంసం సంచులు తెచ్చి ఇచ్చేవారు. పుంచోక్ వాటిని అందరి ముందూ పరీక్షించేవాడు. జనం చుట్టూ మూగి చూసేవారు. ఆ ఏడు అంగ్మో అనే ఆమె తెచ్చిన సంచిలోంచి పిడికెడు తీసి నీళ్లలో వేయగానే నీరు తెల్లబారింది.

“ఎముకల పొడి. కాలేయం. కాస్త పేగు కూడా ఉన్నట్టుంది. ఇది తిండి కాదమ్మా, ఊడ్చి పారేసే చెత్త. నా సంచుల్లో మాంసం తప్ప మరొకటి ఉండదు” అన్నాడు పుంచోక్.

ఆమె సంచి మూతి బిగించి కట్టుకుని కొండ దిగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. గురువు జంపాగారు గడప దగ్గర కూర్చుని టీ తాగుతూ అంతా విన్నారు.

చలి ముదిరాక నక్మో అనే నల్లకుక్క ఈనింది. పిల్లలు బొద్దుగా, మెరిసే బొచ్చుతో పుట్టాయి. పాలు మాని తిండి తినే వేళకు పుంచోక్ తన సంచుల్లోకెల్లా శ్రేష్ఠమైనది విప్పాడు. పిల్లలు ఆబగా తిన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, ఇంత అందమైన పిల్లల్ని ఎక్కడా చూడలేదనేవారు. పుంచోక్ వాటిని ఎత్తి చూపించేవాడు.

తర్వాత ఒకటి కుంటింది. ఆడుకుంటూ బెణికిందనుకున్నాడు. ఇంకోదాని ముందుకాళ్లు బరువు ఆపలేక విల్లులా వంగాయి. తిండి చాలడం లేదనుకుని మాంసం ఇంకా పెంచాడు. తల్లి కుక్క గోడకు కొట్టిన సున్నాన్ని నాకుతుంటే కసిరి, ఆ గోడకు మట్టి మెత్తాడు. ఒక ఉదయం అన్నిటికన్నా బొద్దుగా ఉన్న పిల్ల లేవబోయి కూలబడింది. ఎత్తి నిలబెడితే నొప్పికి ఏడ్చింది.

పుంచోక్ మాంసం గిన్నె పట్టుకునే గురువుగారి గదికి వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు. ఈ లోయలో ఇంతకన్నా మంచి తిండి లేదని, లోపం ఎక్కడుందో తనకు అంతుపట్టడం లేదని చెప్పాడు.

గురువుగారు గిన్నె అందుకుని వాసన చూశారు.

“శుభ్రంగా ఉంది” అన్నారు. లేచి చేతికర్ర తీసుకుని బయటికి నడిచారు.

కుక్కల ఆవరణలో గిన్నెను నక్మో ముందు పెట్టించారు. తర్వాత తలుపుకున్న అడ్డకర్ర తీసి, తలుపు బార్లా తెరిచి, పక్కనున్న రాతి మీద కూర్చున్నారు.

నక్మో గిన్నెను దాటుకుని బయటికి పోయింది. ఎండ కాసే వైపు పోలేదు, నీళ్ల వైపు పోలేదు. తిన్నగా వంటశాల వెనక్కి వెళ్లి, ముందుకాళ్లతో మంచును తవ్వసాగింది. కాసేపటికి ఎముక పగులుతున్న చప్పుడు ఆవరణ దాకా వినపడింది. మళ్లీ వచ్చినప్పుడు దాని నోట్లో మేక మోకాలి కీలు ఉంది. అంచున మృదులాస్థి తెల్లగా వేలాడుతోంది. దాన్ని తెచ్చి పిల్లల ముందు పడేసింది.

లేవలేని పిల్ల పొట్ట మీద పాకుతూ వచ్చి, పాలపళ్లతో దాన్ని గీకడం మొదలుపెట్టింది.

పుంచోక్ వంగి దాన్ని లాగేయబోయాడు. గురువుగారు అతని అంగీ కొస పట్టుకున్నారు.

“గురువుగారూ, అది నేను పారేసిన చెత్త.”

“ఆగు నాయనా. ఇన్నాళ్లూ అందరి సరుకూ నువ్వు పరీక్షించావు. ఇవాళ నీ సరుకును నక్మో పరీక్షిస్తోంది.”

పుంచోక్ అక్కడే మంచులో కూర్చుండిపోయాడు. గిన్నెలోని మాంసం గడ్డకట్టే దాకా లేవలేదు.

లేచి, వంటశాల వెనక్కి వెళ్లి మంచు తవ్వి, ఎముకలు ఏరి, కడిగి, రోట్లో వేసి దంచాడు. మర్నాడు కొండ దిగి అంగ్మో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా అనుకుంటూ వెళ్లాడు గాని, గుమ్మంలో ఆమెను చూడగానే చేతులు జోడించి, పిల్లల కాళ్ల సంగతి మాత్రం చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి సంచి తెచ్చి అతని భుజానికి తగిలించింది. పొడి ఎంత కలపాలో, కాలేయం ఎంత మించకూడదో చేత్తో చూపించి చెప్పింది.

మంచు కరిగే వేళకు పిల్లలు లేచి తిరిగాయి. ఒకదాని ముందుకాలు మాత్రం కొంచెం వంకరగానే ఉండిపోయింది. అది నడిచినప్పుడల్లా పుంచోక్ తల దించుకునేవాడు.

మళ్లీ ఆకురాలు కాలం వచ్చింది. ఊళ్లవాళ్లు సంచులు తెచ్చారు. పుంచోక్ ఈసారి ఒక్కటీ విప్పలేదు. అన్నిటికీ దణ్ణం పెట్టి లోపల పెట్టించాడు. పరీక్షించడానికి తానెవరని అడిగాడు. జనం అతని వినయాన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా అతనికి బాగానే నచ్చింది.

గురువుగారు వచ్చి ఆ సంచుల పక్కన చతికిలబడ్డారు. లోయలోకెల్లా పెద్ద రైతు తెచ్చిన సంచి విప్పి, ఒక ముక్క తీసి పుంచోక్ ముందు పట్టుకున్నారు.

“వాసన చూడు.”

“నాకెందుకు గురువుగారూ. భక్తితో తెచ్చారు.”

గురువుగారు చెయ్యి దించలేదు. చివరికి పుంచోక్ ముక్క అందుకుని వాసన చూశాడు. మొహం మారింది. విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. విరిచిన చోట నాలుకతో తాకాడు.

“చెప్పు.”

“మధ్యలో ఎండ తగిలి కరిగింది. మళ్లీ గడ్డకట్టించారు. కొవ్వు చెడిపోయింది. పెద్దవి తట్టుకుంటాయేమో గాని, పిల్లలకు పెడితే దక్కవు.”

చెబుతూ చెబుతూ అతని మెడ నిటారుగా లేచింది. గొంతులో పాత ఖంగు వినపడింది. అది తనకే తెలిసి సిగ్గుపడి ఆగిపోయాడు.

గురువుగారు నవ్వారు. సంచి మూతి కట్టి, రైతుకు నమస్కరించి మర్యాదగా తిరిగి ఇచ్చారు.

“ముక్కు నీదే నాయనా. దాన్నెందుకు పారేసుకుంటావు? తినే కడుపు మాత్రం కుక్కలది.”

పుంచోక్ ఇంకో సంచి దగ్గరికి జరుపుకుని మూతి విప్పాడు.