చెంచులక్ష్మి చదివిన కాగితం

మస్తాన్‌వలికి ఆ రోజు మనసు బాగాలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి గురువుగారి ఎదురుగా కూర్చున్నాడు.

గురువు ఖాదర్ షా నెల్లూరికి అవతల ఒక చిన్న దర్గాలో ఉంటాడు. శిష్యుడు మస్తాన్‌వలి ఇంగ్లీషు బాగా చదువుకున్నవాడు. దర్గా ఉన్న ఊరి ఆడవాళ్లు నలుగురు బెంగళూరు ఆసుపత్రిలో ఆయా పని నేర్చుకోవడానికి ఆరు నెలలు వెళ్లబోతున్నారు. వాళ్లుండబోయే హాస్టల్ సంగతులన్నీ ఇంగ్లీషులో రాసి ఆసుపత్రివాళ్లు ఒక కాగితం పంపారు. అది చదవడం నేర్పమని గురువు అతనికి అప్పజెప్పి నెలయింది.

"ముగ్గురు గడగడా చదువుతున్నారు హజ్రత్. చెంచులక్ష్మికే ఒక్క ముక్కా నోరు తిరగడం లేదు. మాటమాటకీ ఆగిపోతుంది. ఆమె పేరు తీయించి ఇంకొకరిని పంపుదాం. లేకపోతే అక్కడికెళ్లి అవస్థ పడుతుంది."

గురువు ఆమెకు కబురు పంపాడు.

చెంచులక్ష్మి కాగితం పట్టుకునే వచ్చింది. ఎందుకు పిలిపించారో తెలిసినట్టే ఉంది, గడప పక్కన ఒదిగి కూర్చుంది.

"అక్కడికి పోయాక నీకు దేని గురించి దిగులమ్మా?" అని అడిగాడు గురువు.



"నా బిడ్డకు నాలుగేళ్లు స్వామీ. మా అమ్మ దగ్గర వదిలిపోతన్నా. పడుకునే ముందు నా గొంతు వినందే దానికి నిద్ర రాదు. అక్కడ ఫోను చేసుకోనిస్తారో లేదో."

"అందులో రాసుందేమో చూడు."

ఆమె కాగితం ఒళ్లో పరుచుకుంది. మొదటి వరస నుంచి మొదలుపెట్టలేదు. వేలు కిందికి జారింది, ఆగింది, మళ్లీ కదిలింది. పెదాలు ఆడుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. మస్తాన్‌వలి మాట అందించబోయాడు. గురువు అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

చాలాసేపటికి వేలు ఒకచోట నిలిచింది.

"వరండాలో... తొమ్మిదిన్నర దాకా," అంది. నమ్మకం చాలక ఇంకోసారి చూసుకుంది. "చేసుకోవచ్చంట స్వామీ. గదిలో కాదు, వరండాలోకొచ్చి చేసుకోవాలంట."

కొంగుతో మొహం తుడుచుకుంది.

గురువు శిష్యుడి వైపు తిరిగాడు.

"బేటా, వీళ్లకు అక్కడ పొద్దున టిఫిను ఎన్నింటికి పెడతారు?"

నెల రోజులుగా ఆ కాగితాన్ని పూటకు నాలుగుసార్లు పైకి చదివి వినిపించినవాడు మస్తాన్‌వలి. ఏడున్నరకా? ఎనిమిదికా? చెప్పబోయి ఆగిపోయాడు.

చెంచులక్ష్మి తన కాగితాన్ని మెల్లగా అతని ముందుకు జరిపింది.

"నిదానంగా చూడండి సార్," అంది. "ఉంటది."