భూపతిగారి ఉగాది వంట

చింతలదుర్గం ఏలే బసవభూపతికి ఆ ఉగాదికి గరిటె పట్టాలని బుద్ధి పుట్టింది.

పుట్టించింది వాళ్ళక్క మల్లాంబ. పండక్కి పుట్టింటికి వచ్చిందో లేదో, "మా తమ్ముడు రాజ్యం ఏలుతాడు గానీ, పొయ్యి రాజేయమంటే తెల్లమొహం వేస్తాడు" అని నలుగురిలో నవ్వేసింది. చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించిన అక్క, ఏమీ అనలేడు. రాజుకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"పండగ వంట నేనే చేస్తాను. నా వంటకు వంక పెట్టినవాడు మళ్ళీ ఉగాది దాకా మా ఇంట్లో అంట్లు తోమాలి!" అని చాటించి, వంటవాళ్ళని బయటికి తరిమి తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నానికి పప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు తయారయ్యాయి. నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు గనక చూడలేదు. అయ్యాక వడ్డన హడావుడిలో చూడనేలేదు.

మొదటి పంక్తిలో ఇంటి మగవాళ్ళతో పాటు, ఇంట్లోవాళ్ళలా మెలిగే కొలువువాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ఒకడు హాస్యగాడు గుండన్న. రెండోవాడు శరభయ్య, రాజు తుమ్మితే అందులో రాగం వినిపించిందనే రకం. గుండన్న అంటే శరభయ్యకి ఒళ్ళుమంట. రెండో పంక్తికి కూర్చోవలసిన అక్కగారు తలుపు చాటున నిలబడి చూస్తోంది.

గుండన్న పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు! పప్పు కలిపాడు. అందులోనూ లేదు. విస్తట్లో ఓ మూల వేసే చిటికెడు ఉప్పు కూడా రాజుగారు మరిచిపోయారు.

నోరు విప్పితే ఏడాదంతా అంట్లు. విప్పకపోతే ఇదే వంట అక్కగారి విస్తట్లోకి వెళ్తుంది, రాజు పరువు పోతుంది. ముక్కు మీద మసితో, చెమటలు కక్కుతూ వడ్డిస్తున్న రాజుని చూస్తే గుండన్నకి జాలేసింది.

"అద్భుతం ప్రభూ!" అన్నాడు శరభయ్య. "ఉప్పూ పులుపూ కారం తూచినట్టు పడ్డాయి. పాపం, గుండన్నకే ముద్ద దిగుతున్నట్టు లేదు."

రాజు గరిటెతో సహా ఇటు తిరిగాడు. "ఏం గుండన్నా, బాగాలేదా?"

"బాగాలేదని ఎవరన్నారు ప్రభూ? నా దిగులు వేరు."

"ఏమిటది?"

"ఇన్నేళ్ళుగా పూటపూటా మీ ఉప్పు తిని బతుకుతున్నాను. ఇంత పండగ నాడు, ఈ ఒక్క పూటే ఆ భాగ్యం లేకపోయింది!"

రాజు రెప్పలార్పాడు. అరచేతిలో ఇంత పులిహోర వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ముఖం వాడిపోయింది.

"అంటే వంక పెట్టినట్టేనా?" అన్నాడు మెల్లిగా.

"మీ ఉప్పు కావాలనడం వంక పెట్టడమైతే, కొలువంతా అంట్లు తోమాల్సిందే ప్రభూ!"

రాజు ఫక్కున నవ్వి ఉప్పు జాడీ కోసం పరుగెత్తబోయాడు.

"ఆగండి ప్రభూ," అన్నాడు గుండన్న. "శరభయ్యగారికి ఇలాగే తూచినట్టు కుదిరిందట. ఉగాది నాడు ఎలా గడిస్తే ఏడాదంతా అలాగే అంటారు కదా. ఉప్పు కలపకముందే ఆయన వాటా ఓ గంగాళం నిండా తీయించండి."

శరభయ్య రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టాడు.

"బాబోయ్, వద్దు! ఈ చప్పిడి కూడు గొడ్లయినా ముడతాయా?"

అనేసి నాలుక కరుచుకున్నాడు.

తలుపు చాటున మల్లాంబకి నవ్వు ఆగలేదు. "ఒరే తమ్ముడూ, పొయ్యి రాజేయడమే రాదనుకున్నాను, పులిహోర దాకా వచ్చావు! ఉప్పుదేముందిరా, నేను కలుపుతాను" అంటూ వచ్చి, చేతి బంగారు కడియం తీసి గుండన్న విస్తరి పక్కన పెట్టింది.

పంక్తంతా నవ్వుతుంటే రాజు శరభయ్య వైపు తిరిగాడు.

"ఇత్తడి గంగాళాలు చింతపండూ ఉప్పూ వేసి తోమాలి శరభయ్యా. ఈసారి ఉప్పు మరిచిపోనులే!"