ఉప్పుబుట్టలో సుంకమ్మ వజ్రం

అనగనగా అంటే మరీ అంత వెనక్కి పోనక్కర్లేదు చిన్నీ, ఎర్రమట్టి చేల మధ్య ఒక ఊరుండేది. తొలకరి పడగానే ఆ ఊరి జనం విత్తనాల సంచి ముట్టుకోరు, ముందు నేల వెతుకుతారు. ఎందుకంటే వాన మట్టిని కడిగేస్తే ఆ చేలల్లో అప్పుడప్పుడు వజ్రాలు తేలతాయి.

ఆ ఊళ్ళోనే సుంకమ్మ ఉండేది. ఆమెకున్నదల్లా రెండెకరాల వేరుశనగ చేను, ఒక నోరు. ఆ నోటికి జడిసి ఊరంతా కాస్త ఎడంగా నడిచేది. చేలో బావి లేదు. వాగు నుంచి కడవలు మోసి మోసి మెడ వంగిపోయింది. అయినా రెండేళ్ళు వరసగా పైరు మాడింది. ఈసారి కూడా మాడితే చేను వదిలేసి వలస పోవడమే.

అప్పుడు ఒక పొద్దున గట్టు పక్కన ఆమె కాలికి శనగగింజంత రాయి తగిలింది. నోటి ఆవిరి ఊది చూసింది. ఆవిరి నిలవలేదు, ఇట్టే పోయింది. వజ్రమే! "బావి తవ్విస్తా" అనుకుని కొంగున ముడేసుకుని సంతకు నడిచింది.

సంతలో రాళ్ళకు తరగతి చెప్పేది షరాబు గుర్నాథం ఒక్కడే. ఆయన మాటకు ఎదురులేదు. తెల్లగడ్డం, మెడలో భూతద్దం, ముందొక బల్ల, బల్ల మీద పసుపునీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ. రాయంటే లక్ష్మి కదా, పసుపు మీదే కూర్చోబెట్టాలని వాళ్ళ తాతలనాటి ఆనవాయితీ.

గుర్నాథం గురిగింజలతో తూచి బరువు బాగుందన్నాడు. ఆ తర్వాత రాయిని గుడ్డ మీద పెట్టి పెదవి విరిచాడు.

"పసుపుచాయ ఉందమ్మీ. నీళ్ళలా ఉంటే మొదటి తరగతి. ఇది మూడోది. దీనికి బదులు ఒక మేకను తోలుకుపో."

"మేక బావి తవ్వుతుందా సామీ?" అని రాయి లాక్కుంది సుంకమ్మ.

ఇంటికొచ్చి కుంకుడురసంతో రాయిని తోమింది. వేళ్ళు పగిలాయి గానీ, రెండో సంతకు పోతే గుర్నాథం మళ్ళీ పసుపేనన్నాడు. ఈసారి భూతద్దం పెట్టి ఇంకో వంక కూడా తీశాడు. "లోపల, అంచున నలుసుంది."

"సాన పట్టేటప్పుడు అంచు పోతుంది కదా, దాంతో నలుసూ పోదా?"

"సాన సంగతి నాకే చెబుతున్నావా?"

"నువ్వు చెప్పట్లేదు కాబట్టి చెబుతున్నా!"

రెండు మేకలు ఇస్తానన్నాడు. ఆమె మళ్ళీ రాయి లాక్కుంది.

మూడో సంత నాటికి వాన మొహం చాటేసింది. వేరుశనగ ఆకులు ముడుచుకున్నాయి. చిన్నీ, అంతటి సుంకమ్మ కూడా ఆ రోజు మేకలకే ఒప్పుకుందామని పోయింది. గుర్నాథం రాయి మీదికి వంగాడు. ఎండ గుడ్డ మీద పడి పైకి కొట్టింది. అప్పుడు సుంకమ్మ చూసింది. ఆయన తెల్లగడ్డం కూడా పసుపుపచ్చగా మెరుస్తోంది!

"షరాబు సామీ, నీ గడ్డం ఏ తరగతి?"

ఆయన నోరు తెరిచేలోపే రాయి తీసి, పక్కన మద్దక్క అమ్ముకుంటున్న కల్లుప్పు బుట్టలో వేసి కలియబెట్టింది.

"పసుపు రాయే కదా, తెల్లటి ఉప్పులో తెలిసిపోవాలి. ఏరు!"

గుర్నాథం ఒకటి ఏరి నాలుక మీద పెట్టుకున్నాడు. థూ, ఉప్పు. రెండోది, ఉప్పే. మూడోది, ఉప్పే. సంతంతా గొల్లుమంది. సుంకమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకూ కనబడితే కదా! బావి మొత్తం ఆ బుట్టలో మునిగిపోయిందనుకుంది.

"నా ఉప్పంతా నలిపి చస్తున్నారు, ఇంక నీళ్ళొక్కటే తక్కువ, అవి కూడా పొయ్యండి!" అని అరిచింది మద్దక్క.

అంతే, సుంకమ్మ పక్కనున్న నీళ్ళ కడవ ఎత్తి పోసింది. ఇంకో కడవ పోసింది. మూడో కడవకు ఉప్పంతా కరిగి కారిపోయింది. బుట్ట అడుగున ఒకే ఒక్క రాయి, నీటిబొట్టులా.

"మొదటి తరగతే" అన్నాడు గుర్నాథం, తల ఎత్తకుండా.

"మరి ఇంతకుముందు నీకమ్మిన మా ఎల్లమ్మత్త రాయి?"

"పసుపన్నాను."

"ఈరన్న రాయి?"

"అదీ పసుపే అన్నాను. పట్నంలో పసుపు ధరకే అమ్మాను తల్లీ."

సుంకమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వు మోసగాడివైనా బాగుండేది కదయ్యా! ఒక్కడన్నా బాగుపడేవాడు!"

ఆ తర్వాత భూతద్దానికి చెయ్యి చాపింది. "ఇకమీదట రాయి తెచ్చిన మనిషి కూడా ఇందులోంచి చూడాలి. చూశాకే నువ్వు నోరు తెరవాలి."

ఆయన మెడలోంచి తీసి ఇచ్చాడు. సుంకమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. గొణుక్కుంటూ అంది, "నలుసు మాత్రం నిజమేలే."

నలుసున్న ఆ వజ్రంతోనే బావి తవ్వించింది. ఆ ఏడు పైరు మాడలేదు. నీ కళ్ళు మూతపడుతున్నాయి, ఇక చాలు.

కథ వెళ్ళె కంచికి,
నిదర వచ్చె కంటికి.